గౌరినాయుడి వేలిగోళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను విజయనగరం జిల్లా క్షయ నియంత్రణాధికారిగా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు మూడేళ్లు మిగిలి ఉంది. ఛాతీ వ్యాధుల వైద్యురాలిగా అంతవరకూ వార్డుల్లోనే తిరిగిన నాకు అది మొదటి ఆఫీసు కుర్చీ. సివిల్ సర్జన్ హోదా, ఎడమ తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకునే ఒక జీపు, దానికి తోడు త్రినాథ్ అనే సూపర్‌వైజరు. మందులు మధ్యలో మానేసిన రోగుల్ని ఊరూరా తిరిగి వెతికి పట్టుకోవడం అతని అసలు పని. జిల్లాలో ఏ సందులో ఏ కుక్క కరుస్తుందో కూడా అతనికి తెలుసు.

చేరిన వారంలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. జిల్లా పొగాకు నియంత్రణ విభాగానికి కూడా నేనే నోడల్ అధికారినట. మా శాఖలో దీన్ని అదనపు బాధ్యత అంటారు. అదనపు బాధ్యతకు అదనంగా గది, మనిషి, జీతం ఏవీ ఉండవు. గుమ్మం మీద మరో బోర్డు మాత్రం ఉంటుంది.

ఆ విభాగం చేసే పని పాఠకులకు కొంచెం చెప్పాలి. పొగాకు చట్టం ప్రకారం బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదు, మైనర్లకు అమ్మకూడదు, బడి చుట్టూ నూరు గజాల లోపల పొగాకు దుకాణం ఉండకూడదు. వీటిని అమలు చేయడానికి ఆరోగ్యం, పోలీసు, విద్య, పంచాయతీ శాఖల నుంచి ఒక్కొక్కరితో స్క్వాడ్ ఉంటుంది. కాగితం మీద నలుగురం. క్షేత్రంలోకి వెళ్లేసరికి ఎస్సైగారికి బందోబస్తు డ్యూటీ పడుతుంది, విద్యాశాఖవారికి పరీక్షలు వస్తాయి, పంచాయతీవారు ముందే ఊళ్లో ఉంటామని చెప్పి ఊళ్లో కనిపించరు. చివరికి నేను, త్రినాథ్, ఒక పసుపుపచ్చ కొలత టేపు మిగిలేవాళ్లం.

ఆ ఆగస్టులో రామతీర్థానికి తూర్పున ఉన్న ఒక ఊరి హైస్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేశారు. బడి గేటుకు ఎదురుగానే బడ్డీ ఉందని, తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటర్వెల్‌లో అక్కడికి వెళ్లి గుట్కా పొట్లాలు నోట్లో వేసుకుని వస్తున్నారని, ఆయన చెబితే దుకాణదారు వినడం లేదని ఫిర్యాదు. ఆ ఊరి పేరు రాయను. ఇప్పటికీ నాకు అక్కడ భోజనానికి పిలుపులున్నాయి, చెడగొట్టుకోదలచుకోలేదు.

బడ్డీ యజమాని గౌరినాయుడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పొడుగ్గా, ఎముకల గూడులా ఉన్నాడు. గళ్ల లుంగీ, చెవి మీద సగం కాల్చి ఆర్పిన సిగరెట్టు. రెండెకరాల రైతు. పొలం కొడుక్కి అప్పజెప్పి ఈ బడ్డీ పెట్టుకున్నాడు. నేను చట్టం చదివి వినిపిస్తుంటే చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక ఇలా అడిగాడు:

“అంతా బాగున్నాది డాక్టరమ్మా. పొగాకు పండించమన్నోలు సర్కారోలే. ఏలాలెట్టి కొనిపించీది సర్కారోలే. పన్ను తిన్నీది సర్కారోలే. నడిమిట్ల నానొక్కడినే దొంగనేటి?”

విధానాలు రాసేవాళ్లు ఎక్కడో ఉంటారు, వాటి మీద ప్రశ్నలు మాత్రం టేపు పట్టుకుని వచ్చినవాళ్లకే ఎదురవుతాయి. “దొంగ అనలేదు నాయుడుగారూ, బడికి దగ్గరగా ఉన్నారంటున్నాను,” అన్నాను. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే గౌరినాయుడే వచ్చి పట్టుకున్నాడు. గేటు నుంచి బడ్డీ దాకా లాగితే టేపు సగం కూడా విప్పుకోలేదు. “ఇంతేనేటి? నాకు సానా దూరం అనిపిస్తాదే,” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. జుల్మానా రాశాం. మైనర్లకు అమ్మరాదన్న బోర్డు బడ్డీకి తగిలించాం. నిషేధించిన గుట్కా పొట్లాల్ని త్రినాథ్ సంచిలో వేసుకున్నాడు. నెల లోపల బడ్డీ అక్కడి నుంచి తీసేయాలని చెప్పాను.

ఇక బయలుదేరుతుంటే గౌరినాయుడు అడ్డు వచ్చాడు. “ఎండన పడి వచ్చినారు. జుల్మానా జుల్మానాయే, సోడా సోడాయే,” అని ఐస్‌పెట్టెలోంచి గోలీసోడా తీసి, గోలీ నొక్కి నా చేతికి అందించాడు.

నా కన్ను సీసా మీద పడలేదు. దాన్ని పట్టుకున్న వేళ్ల మీద పడింది.

వేలి చివర్లు ఉబ్బి డప్పు పుల్ల తలల్లా గుండ్రంగా ఉన్నాయి. గోళ్లు చిలకముక్కులా వంగి, మొదట్లో ఉండాల్సిన పల్లం పూడుకుపోయి నిగనిగలాడుతున్నాయి. వైద్యంలో దీన్ని క్లబ్బింగ్ అంటారు. కొందరికి పుట్టుకతో ఉంటుంది. గుండె జబ్బులోనూ, ఊపిరితిత్తుల్లో చాలాకాలంగా చీము ఉన్నవాళ్లలోనూ రావచ్చు. అరవై దగ్గర పడిన, చిన్నప్పటి నుంచీ పొగ తాగుతున్న మనిషి చేతికి ఇది కొత్తగా వస్తే మాత్రం, ఛాతీ వైద్యులం ముందు ఒకే జబ్బు గురించి ఆలోచిస్తాం.

సోడా తాగకుండా పక్కన పెట్టి, రెండు చూపుడు వేళ్ల గోళ్లను వీపు వీపు ఆనించినట్టు ఒకదానికొకటి ఆనించి పట్టుకోమన్నాను. మామూలు మనిషి అలా పట్టుకుంటే గోళ్ల మొదట్లో పేకముక్క మీది డైమను గుర్తు లాంటి చిన్న సందు కనిపిస్తుంది. గౌరినాయుడి గోళ్ల మధ్య నుంచి వెలుతురు రాలేదు. పక్కనున్నవాళ్లంతా తమ తమ వేళ్లు ఆనించి చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో అదొక ఆట అయిపోయింది.

“ఈ వేళ్లు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?” అని అడిగాను.

“ఏమో. ఉంగరం పట్టడం మానీసి ఓ ఏడాది అయినాది.”

“దగ్గు?”

“నెమ్ము చేసినాదమ్మా. టౌన్లో డాక్టరు ఫొటో తీసి టీబీ అన్నారు. మూడు నెలలై గోలీలు మింగుతన్నాను. మీ తాలూకా గోలీలే కదేటి, ఎర్రగా వస్తాది ఒంటేలు.”

ఇక్కడ రెండు విషయాలు నాకు నచ్చలేదు. క్షయ అని గుర్తించిన ప్రతి రోగి వివరాలు, ప్రైవేటు డాక్టరు చూసినా సరే, మా కార్యాలయానికి తెలియజేయాలి. ఈయన సంగతి మాకు తెలియదు. రెండోది, మూడు నెలలు క్షయ మందులు వాడిన మనిషికి ఆకలి పెరగాలి, ఒళ్లు చేయాలి, దగ్గు తగ్గాలి. ఈయన లుంగీ ముడి మాత్రం నెల నెలా లోపలికి జరుగుతోందట. కళ్లె పరీక్ష చేశారా అని అడిగాను. ఫొటోలోనే అంతా కనిపించిందన్నారట.

ఆ డాక్టరును నేను తప్పు పట్టను. మన దేశంలో ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపిస్తే క్షయ అనుకోవడం సహజం, చాలాసార్లు అది నిజం కూడా. కానీ క్యాన్సర్ గడ్డ కూడా అక్కడే కూర్చోవచ్చు. రెండింటికీ దగ్గు, నీరసం, బరువు తగ్గడం, అప్పుడప్పుడు కళ్లెలో నెత్తురు జీర ఉంటాయి. ఊపిరితిత్తికి నొప్పి తెలియదు. నొప్పి వచ్చే నాటికి జబ్బు గోడ దాటి ఉంటుంది. నా వార్డు రోజుల్లో నా దగ్గరికి వచ్చిన ఇలాంటి వాళ్లలో ఎక్కువమంది ఈ దారినే వచ్చారు. ముందు దగ్గు మందు, తర్వాత క్షయ మందు, చివరికి నేను. అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

గౌరినాయుడు మరునాడు జిల్లా ఆసుపత్రికి వచ్చాడు. రమ్మంటే వచ్చాడనుకోవద్దు, త్రినాథ్ బండి వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. కళ్లెను యంత్రంలో పెట్టి పరీక్షిస్తే క్షయ క్రిమి జాడ లేదు. ఎక్స్‌రే కొత్తగా తీయించి, ఆయన తెచ్చిన పాత ఫిల్మును పక్కన పెట్టి చూశాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుండ్రటి నీడ. మూడు నెలల మందుల తర్వాత చిన్నదవ్వాల్సింది పెద్దదయింది.

విశాఖపట్నం వెళ్లి సీటీ స్కాన్ తీయించుకోవాలని, గొట్టం వేసి ముక్క తీసి పరీక్షించాలని చెప్పాను. ముక్క పరీక్ష వచ్చే దాకా క్యాన్సర్ అనే మాట నోటితో అనకపోవడం మా వృత్తిలో నియమం. గౌరినాయుడు అది పట్టేశాడు.

“మీరు అనకపోతే నానే అంటాను. కేన్సరేనా?”

“తెలీదు. తెలుసుకోడానికే పంపిస్తున్నాను.”

“అలాగే,” అని లేచాడు. వెళ్తానని అన్నాడనుకున్నాను. అలాగే అంటే ఉత్తరాంధ్రలో ‘సరే’ అని, ‘చూద్దాంలే’ అని రెండర్థాలున్నాయని, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు గుర్తు రాకపోవడం విచిత్రం.

పది రోజులైనా ఆయన విశాఖ వెళ్లలేదు. త్రినాథ్ వాకబు చేసి వచ్చి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. ఊళ్లో అందరూ అనుకుంటున్న మాట ఇదట: “డాక్టరమ్మ జుల్మానా రాసింది సాలక కేన్సరు కూడా రాసీసినాది.” బడ్డీ తీయించడానికే నేను ఈ ఎత్తు వేశానని గౌరినాయుడు కూడా నమ్మాడు. పైగా బడ్డీ దగ్గరికి వచ్చినవాళ్ల గోళ్లు ఆనించి చూసి, “నీకు సందున్నాది, నువ్వు సిగరెట్టు తాగొచ్చు,” అని తనే అనుమతులు ఇస్తున్నాడట.

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. నీడ పెరుగుతున్న తీరు చూశాను కాబట్టి ఆ పది రోజుల విలువ నాకు తెలుసు. నేను ఒకే మనిషిని. కానీ ఆయనకు మాత్రం ఇద్దరుగా కనిపిస్తున్నాను. టేపు పట్టుకుని వచ్చిన అధికారి చెప్పిన మాటను, గోళ్లు చూసిన వైద్యురాలి మాటగా ఆయనెందుకు వింటాడు? అందుకే ఈసారి స్క్వాడు లేకుండా, ఆదివారం పూట, సొంత చీర కట్టుకుని వెళ్లాను. సొంత చీర అంటే ఆఫీసుకు కట్టుకునే ఇస్త్రీ కాటన్ కానిదని అర్థం.

వాకిట్లో ఆయన భార్య పైడితల్లి చింతపండు పిక్కలు తీస్తోంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. నన్ను చూసి పీట వేసింది. మాట్లాడుతుంటే ఆమె ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. కాసేపటికి నాకు అర్థమైంది. నోట్లో చుట్ట ఉంది, కాలే కొస లోపలికి పెట్టుకుని.

దీన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం వెంబడి పెద్దవయసు ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. గాలికి ఆరదు, నుసి పని మీద రాలదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. పొగ, వేడి రెండూ తిన్నగా అంగిలికి తగులుతాయి. ఆ అంగిలి ముందు ఎర్రబడుతుంది, తర్వాత తెల్లటి మచ్చలు, కొందరికి పుండు, ఆ పుండు క్యాన్సర్. మా శాఖ పోస్టర్లలో అన్నీ ప్యాంటు వేసుకున్న మగవాళ్ల బొమ్మలే. పైడితల్లి లాంటివాళ్లు ఆ పోస్టరు చూసి తమ గురించి కాదనుకుంటే తప్పేముంది?

“ఏటి డాక్టరమ్మా, మా మావకేటయినాది? తిన్నగా సెప్పు. మెల్లగా సెప్తే నాకు అర్థం కాదు,” అంది. గౌరినాయుడు ఆమెకు సొంత మేనమామే. చిన్నప్పటి నుంచీ మావా అనే పిలుపు.

తిన్నగానే చెప్పాను. ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. క్షయ కాదు. క్యాన్సరని అనుమానం, గట్టి అనుమానం. ఇంకెక్కడికీ పాకకపోతే కోసి తీసేయవచ్చు. పాకితే కోయరు.

“కోస్తే బతుకుతాడా?”

“బతకొచ్చు. కచ్చితంగా అని చెప్పలేను. ఆలస్యం చేస్తే మాత్రం కోయడానికి ఎవరూ ఒప్పుకోరు.”

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో నాలుగు పిక్కలు తీసింది. తర్వాత ఇంటి లోపలికి తల తిప్పి పిలిచింది. “మావా, ఆ తలుపెనక నిలబడతన్నావు గానీ, ఇటు రా.”

గౌరినాయుడు తలుపు వెనక నుంచి వచ్చాడు. అంతా విన్నాడన్నమాట. మొహంలో మొదటిరోజు నవ్వు లేదు. అరుగు మీద కూర్చుని నా వైపు కాకుండా వీధి వైపు చూస్తూ మాట్లాడాడు. కోస్తే లేవనేమోనని ఆయన భయం. వాళ్ల నాన్న కూడా దగ్గుతోనే పోయాడట. అప్పుడు ఎవరూ కోయలేదు, మంచం మీద తనవాళ్ల మధ్య పోయాడు. విశాఖలో తెలియని మనుషుల మధ్య, గొట్టాల మధ్య పోవడం తనకు ఇష్టం లేదు. పొగ తాగడం గురించి ఆయన నన్నేమీ అనలేదు, ఆ మాట భార్యతో అన్నాడు.

“ఊరంతా నన్నే సూస్తన్నారు. నువ్వు మటుకు నిప్పు నోట్లోనే ఎట్టుకు తిరుగుతన్నావు. ముందు నువ్వు మాను. ఆనక నానెల్తాను.”

తప్పించుకోవడానికి వేసిన మాట అది. నలభై ఏళ్ల అలవాటు, ఆమె మానదని ఆయన ధీమా. పైడితల్లి నోట్లోంచి చుట్ట తీసింది, పక్కనున్న చింతపండు నీళ్ల గిన్నెలో ముంచింది. చుయ్యిమంది.

“మానీసినాను. సొక్కా తొడుక్కో,” అంది.

గౌరినాయుడు లోపలికి వెళ్లి నిజంగానే చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆదివారం సీటీ స్కాన్ ఉండదని, మర్నాడు వెళ్లాలని చెప్పి ఆయన్ని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

సోమవారం పొద్దున్నే భార్యాభర్తలు రైలెక్కారు. కొత్తవలసలో వాళ్ల కూతురు ఎక్కింది. విశాఖలో నాతో చదువుకున్న ఒక ఛాతీ సర్జన్‌కు ముందే ఫోన్ చేసి ఉంచాను. సీటీ, గొట్టం పరీక్ష, ఒళ్లంతా చూసే ఇంకో స్కాన్ వరసగా అయ్యాయి. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. గడ్డ ఊపిరితిత్తి దాటలేదు. కోయవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉండటంతో ఖర్చు గొడవ లేకపోయింది.

కోసే ముందు సర్జన్ పెట్టిన షరతు ఒకటి ఉంది. మిగిలే ఊపిరితిత్తి మొత్తం బరువు మోయాలి గనుక దానికి కసరత్తు కావాలి, పొగ పూర్తిగా మానాలి. అందుకు ఒక ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. మూడు గదుల్లో మూడు బంతులు, గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. మొదటిరోజు గౌరినాయుడు ఎంత పీల్చినా ఒక్క బంతి కూడా పూర్తిగా లేవలేదు. పక్క మంచం కుర్రాడు మూడూ లేపేసరికి ఆయనకు రోషం వచ్చింది. రోజంతా అదే పని. నేను ఒకసారి చూడ్డానికి వెళితే పలకరింపు కూడా లేకుండా, “ఉండండి, రెండోది లెగుస్తాది,” అని చూపించాడు.

మానడంలో కష్టమంతా పైడితల్లిది. ఆయనకు ఆపరేషన్ భయం కాపలా ఉంది, ఆమెకు మాట మాత్రమే ఉంది. వార్డులో నర్సులతో, కూతురితో, కిటికీ రెక్కతో పోట్లాడింది. నికోటిన్ చూయింగ్ గమ్ ఇస్తే “ఏటిది, సైకిలు ట్యూబు,” అని ఉమ్మేసింది. తర్వాత ఎలా నమలాలో నేర్పితే, ఇంటి నుంచి ఉసిరి ఒరుగులు తెప్పించుకుని, దాన్నీ దీన్నీ కలిపి నమిలేది. ఆపరేషన్ రోజున, భర్తను లోపలికి తీసుకెళ్లాక, ఆసుపత్రి గోడ బయటికి వెళ్లి ఒక చుట్ట ముట్టించింది. ఆ సంగతి తనే నాకు ఫోన్ చేసి చెప్పింది. “ఒకటి తాగీసినాను డాక్టరమ్మా. మావకి సెప్పకు. ఇక తాగను.” చెప్పనన్నాను, చెప్పలేదు. మానడమనేది ఎవరికీ ఒక్కసారితో అయ్యే పని కాదు. ఒకసారి జారిన మనిషిని తిడితే ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయదు.

కుడి ఊపిరితిత్తి పైతమ్మెను, అంటే పై భాగాన్ని, తీసేశారు. కొన్నాళ్లకు కీమో మందు కూడా ఎక్కించారు. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. నేను రిటైరయ్యే నాటికి ఆయన స్కాన్లలో జబ్బు మళ్లీ కనిపించలేదు. అయిదేళ్లు గడిస్తే గానీ సర్జన్లు గెలిచామనరు, కాబట్టి నేనూ అనను. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు వేళ్లు కూడా కొంచెం సన్నబడ్డాయి. అలా జరుగుతుందని పుస్తకాల్లో చదివాను గానీ కళ్లారా చూడటం అదే మొదటిసారి. పైడితల్లి అంగిలి మీద ఉన్న తెల్లమచ్చను కూడా ముక్క తీయించి పరీక్షించాం. క్యాన్సర్ కాదు, కానీ అటువైపు నడుస్తున్నదే. చుట్ట మానాక అది మెల్లగా పలచబడింది.

బడ్డీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చట్టపరంగా ఈ ఉదంతం మొదలైంది అక్కడే. గౌరినాయుడు మంచం దిగీ దిగగానే బడ్డీని అక్కడి నుంచి తీశాడు. నూరు గజాలు తనే కొలిపించి, ఇంకో రెండడుగులు వదిలి, రోడ్డు మలుపులో పెట్టాడు. మళ్లీ సిగరెట్లే అమ్మకానికి పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. కానీ చట్టం ప్రకారం అందులో తప్పు లేదు. “డాక్టరమ్మా, గీత మీరు గీసినారు. నాను గీత అవతల ఉన్నాను,” అన్నాడు. నేను చేయగలిగిందేమీ లేక వచ్చేశాను.

వ్యాపారం మాత్రం సాగలేదు. కారణం ఆయనే. సిగరెట్టు అడిగిన ప్రతివాడికీ ఇచ్చి, డబ్బులు తీసుకుని, తర్వాత చొక్కా ఎత్తి వీపు మీది కోత చూపించేవాడు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా కోశారో, ఎన్ని గొట్టాలు పెట్టారో, మూడో బంతి ఎప్పుడు లేచిందో అంతా చెప్పేవాడు. మానమని ఎవరికీ చెప్పలేదు, తన కథ చెప్పుకున్నాడంతే. కానీ ఆ కథ విన్నాక సిగరెట్టు రుచి ఉండదు గదా. జనం పక్క ఊరి బడ్డీకి వెళ్లడం మొదలుపెట్టారు. ఆఖరికి పైడితల్లి ఆ సరుకంతా తిరిగి ఇచ్చేయించి, జంతికలు, చేగోడీలు పెట్టించింది. పక్క ఊళ్లో అమ్మకాలు పెరిగే ఉంటాయి. ఆ మేరకు మా విభాగం సాధించినది సున్నా అని విమర్శకులు అంటే నేను కాదనను.

నా కార్యాలయంలో మాత్రం ఒక మార్పు చేశాను. క్షయ మందులు మొదలుపెట్టినవారిలో కళ్లె పరీక్షలో క్రిమి కనిపించనివాళ్లందరినీ, ప్రైవేటు వైద్యుల దగ్గరున్నవాళ్లతో సహా, రెండో నెల ఆఖరున మళ్లీ ఎక్స్‌రేకి పిలవాలి. నీడ తగ్గకపోతే అదే వారంలో ఛాతీ వైద్యుడు చూడాలి. వేళ్లు కూడా చూడాలి, దానికి యంత్రం అక్కర్లేదు. నెలవారీ సమీక్షలో ఈ పేర్లు విడిగా చదవాలి. మొదట్లో మా సిబ్బంది విసుక్కున్నారు. త్రినాథ్ ఒక్కడే విసుక్కోలేదు. అతనికి గౌరినాయుడిని బండి మీద తెచ్చిన రోజు గుర్తుంది.

ఆ పద్ధతిలో మొదట బయటపడిన మనిషి నెల్లిమర్ల దగ్గర ఒక లారీ డ్రైవరు. ఆయన్ని మేం చూసేసరికే జబ్బు కాలేయానికి పాకింది. కోయలేదు. కానీ ఇంకా నెలల తరబడి తనది కాని జబ్బుకు మందులు మింగకుండా, అప్పటి నుంచీ నొప్పికి, ఆయాసానికి సరైన మందు అందింది. ఆరు నెలలు ఇంట్లో భార్య వండింది తింటూ గడిపి, ఇంట్లోనే పోయాడు. తర్వాతి ఏడాది ఇంకొకామె కోసే దశలోనే దొరికింది. రెండు ఫలితాలనూ నేను పని జరిగినట్టుగానే లెక్కలోకి తీసుకుంటాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. దగ్గుకు ఒక పేరు పెట్టడం తేలిక. ఆ పేరు తప్పేమో మళ్లీ చూడటానికి, పేరు పెట్టిన రోజే ఒక తేదీ వేసుకోవాలి. ఇక పొగాకు నియంత్రణ సంగతి. ఒక ఇంటికి మొదటిసారి మనల్ని చట్టం తీసుకెళుతుంది. ఆ వెళ్లడం వల్ల ఎవరూ పొగ మానరు, ఎవరి జబ్బూ నయం కాదు. రెండోసారి వెళ్లమని ఏ ఉత్తర్వులోనూ ఉండదు. పని మొదలయ్యేది ఆ రెండోసారి వెళ్లినప్పుడే.